గాయం ఎక్కడ అని అడిగే ముందు: వైద్యులకు, అధికారులకు ఒక మాజీ సైనిక వైద్య సహాయకుడి బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ వైద్యులకు, ఆరోగ్య, సైనిక సంక్షేమ, వికలాంగుల సంక్షేమ బాధ్యతలు చూస్తున్న అధికారులకు, ప్రజాప్రతినిధులకు నమస్కారం.

అయ్యా, అమ్మా,

సైన్యం వైద్య విభాగంలో నర్సింగ్ అసిస్టెంటుగా 24 ఏళ్ళు పనిచేసి, హవల్దారుగా పదవీ విరమణ చేసి, ప్రస్తుతం ఉద్దానంలో ఉన్న కొద్దిపాటి కొబ్బరి తోట చూసుకుంటున్నాను. గత ఏడాదిన్నరలో ఒకే విషయం మీద మూడు అర్జీలు ఇచ్చాను. మూడింటికీ రసీదులున్నాయి. రెండింటి విషయంలో 'మీ సమస్య పరిష్కరించబడినది' అని నా ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కారమైందో కనుక్కుందామని వెళ్తే చెప్పగలిగినవారు ఎవరూ కనబడలేదు. అర్జీ ఏ కార్యాలయంలో ఇచ్చానో పేరు రాయను. అక్కడి గుమాస్తా నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తన ముందున్న పత్రాన్ని నా వైపు తిప్పి చూపించాడు. అందులో 'గాయమైన అవయవం' అని ఒక గడి ఉంది. నేను చెబుతున్న గాయాన్ని ఆ గడిలో ఏమని రాయాలో అతనికీ తెలియలేదు, నిజం చెప్పాలంటే నాకూ వెంటనే తోచలేదు.

ఆ గాయం మా వీధిలో ఉంటున్న ఒక మాజీ సీఆర్పీఎఫ్ జవానుది. బస్తర్ అడవుల్లో గస్తీకి వెళ్ళినప్పుడు ఎడమ వైపున పాతికగజాల దూరంలో మందుపాతర పేలింది. ముందున్నవారిని హెలికాప్టర్‌లో తీసుకుపోయారు. ఇతని ఒంటి మీద గీత కూడా పడలేదు కనుక నాలుగో రోజున మళ్ళీ గస్తీకి పంపారు. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో పగలూ రాత్రీ రొద. బజారుకు వెళ్ళి ఎందుకు వచ్చానో మరిచిపోయి తిరిగి వస్తాడు. దీపావళి రాత్రి ఇంట్లో ఉండలేక మా తోటలోని పాకలో పడుకుంటాడు. వైకల్య నిర్ధారణ శిబిరానికి నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. వరండా నిండా జనం, లోపల ఒక్క వైద్యుడు. ఆయన తల ఎత్తి, 'గాయం ఎక్కడ?' అని అడిగారు. మావాడు చెవి మీద చెయ్యి పెట్టుకుని, 'లోపలుంటే నానేటి సూపించగలను సారూ?' అన్నాడు. ఆ వైద్యుణ్ణి నేను నిందించడం లేదు. అయితే ఆ ప్రశ్న పాత కాలపు యుద్ధం నుంచి వచ్చిన ప్రశ్న అని, ఇప్పటి యుద్ధాల్లో మనుషులు గాయపడే తీరు మారిందని, ఆ మార్పును మన జిల్లాల ఆసుపత్రులు, శిబిరాలు, పత్రాలు ఇంకా గుర్తించలేదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఇంటికొక జవాను ఉన్న ఊళ్ళు ఈ రెండు జిల్లాల్లో ఉన్నాయి కాబట్టి ఇది దూరపు దేశాల సంగతి అనుకోవడానికి వీల్లేదు.

ముందుగా మీ దృష్టికి తేదలచిన వాస్తవాలు:

1. సైనికుణ్ణి ఇప్పుడు ఎక్కువగా గాయపరుస్తున్నది తుపాకి గుండు కంటే పేలుడు. 2001 నుంచి 2005 వరకు ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్‌లలో గాయపడిన 1,566 మంది అమెరికా సైనికుల వివరాలను అక్కడి సైనిక శస్త్రవైద్యులు పరిశీలించినప్పుడు మొత్తం 6,609 గాయాలు లెక్కకు వచ్చాయి, అంటే ఒక్కొక్కరికి నాలుగుకు పైగా. వాటిలో 54 శాతం కాళ్ళకు, చేతులకు తగిలినవి. తల, ముఖం, మెడ, కళ్ళు, చెవులు కలిపితే 30 శాతం. ఛాతీకి తగిలినవి 6 శాతం మాత్రమే. కారణాల్లో పేలుళ్ళ వాటా దాదాపు 78 శాతం. 1999లో కార్గిల్ యుద్ధ సమయంలో నేను పనిచేసిన డ్రెస్సింగ్ స్టేషన్‌కు వచ్చినవారిలోనూ ఫిరంగి గుండు ముక్కలు తగిలినవారే ఎక్కువ. ఒకే మనిషికి మోకాలు, కన్ను, చెవి ఒకేసారి దెబ్బతింటాయి. మన దగ్గర మాత్రం అతను ఎముకల వైద్యుడికి ఒక రోజు, కంటి వైద్యుడికి ఇంకో రోజు, చెవి వైద్యుడికి వేరొక రోజు చీటీ రాయించుకోవాలి, మూడుసార్లు బస్సెక్కాలి.

2. వెనుకటి రోజుల్లో చనిపోయేవారు ఇప్పుడు బతుకుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన అమెరికా సైనికుల్లో దాదాపు 30 శాతం మరణించగా, ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్‌లలో అది దాదాపు 10 శాతానికి తగ్గింది. ఛాతీని కవచం కాపాడుతుంది, రక్తస్రావాన్ని అక్కడికక్కడే ఆపుతారు, హెలికాప్టర్ గంటలోపు శస్త్రచికిత్స బల్ల మీదికి చేరుస్తుంది. సంతోషించవలసిన మార్పే. కానీ కవచం కప్పని కాళ్ళు, చేతులు, ముఖం, కవచం ఆపలేని పేలుడు తరంగం ఆ మనిషితోపాటే ఇంటికి వస్తాయి, ఆపైన 40 ఏళ్ళపాటు అతని వైద్యం యుద్ధభూమిలో కాక సొంత జిల్లాలో జరగాలి.

మన దేశంలో సైనికుల కృత్రిమ అవయవ కేంద్రం పూణేలో ఉంది, 1944 నుంచి పనిచేస్తోంది. అక్కడి పనితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను. అయితే కృత్రిమ కాలు ఒకసారి తొడిగితే తీరిపోయేది కాదు. మొండి కాలు మొదటి ఏడాదిలో సన్నబడుతుంది, దాన్ని ఇముడ్చుకునే కృత్రిమ కాలి గిన్నె వదులవుతుంది, వదులైన గిన్నె రాసుకుని పుండు పడుతుంది. మోకాలి కింద కాలు పోయిన ఒక మాజీ సైనికుడు నాకు తెలుసు. ఊడ్పుల రోజుల్లో గట్టు మీద కూర్చుని కాలు విప్పి, గిన్నెలో చేరిన బురదనీరు ఒంపేసి, ఎర్రగా కమిలిన చోట కొబ్బరినూనె రాసి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి మళ్ళీ మడిలోకి దిగుతాడు. గిన్నె సరిచేయడం నైపుణ్యం ఉన్న పనివాడికి పెద్ద పనేమీ కాదు. ఆ పనివాడి కోసం అతను ఆమదాలవలసలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒక రోజుకు పైగా ప్రయాణం చేయాలి. అందుకే ట్యూబు ముక్కతో సరిపెట్టుకుంటున్నాడు.

3. నేను అన్నిటికంటే ఎక్కువగా మీ ముందు పెట్టదలచినది కనబడని గాయం గురించి. పేలుడు జరిగినప్పుడు ఎగిరివచ్చే ఇనుప ముక్కలే కాక గాలి ఒత్తిడి కూడా శరీరాన్ని తాకుతుంది. లోపల గాలి ఉండే చెవులు, ఊపిరితిత్తులు, పేగులు ముందుగా దెబ్బతింటాయి. మెదడు పుర్రె లోపలే అదిరిపోతుంది. పైకి ఏమీ ఉండదు. కార్గిల్‌లో ఒక కుర్రవాడు నా దగ్గరికి నడుచుకుంటూ వచ్చి, బాగానే ఉన్నానని చెప్పి, టీ అడిగాడు. ఇచ్చాను. తెల్లవారేలోగా ఊపిరాడక పోయాడు. అలాంటివారికి శస్త్రచికిత్స అవసరమవుతుందేమో తేలే వరకు నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని, కొన్ని గంటలపాటు కనిపెట్టుకుని ఉండాలని, కర్ణభేరి చిరగలేదు కాబట్టి ఊపిరితిత్తులు బాగున్నాయనుకోవడం పొరపాటని తరువాత నేర్చుకున్నాను. ఈ మాట మన జిల్లాల్లో రాత్రి డ్యూటీలో ఉండే యువ వైద్యులకు కూడా ఎవరైనా చెప్పాలని నా కోరిక.

మెదడు సంగతి మరీ ఆలస్యంగా బయటపడుతుంది. 2020 జనవరి 8న ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడినప్పుడు, అమెరికా సైనికుల్లో ఎవరికీ ఏమీ కాలేదని మొదట ప్రకటించారు. రోజులు గడిచేకొద్దీ తలనొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మతిమరుపు బయటపడ్డాయి. చివరకు 100 మందికి పైగా సైనికులకు పేలుడు వల్ల మెదడు దెబ్బతిన్నట్టు నిర్ధారించారు. అంత వైద్య సంపత్తి ఉన్న సైన్యమే మొదట 'ఏమీ కాలేదు' అంటే, నాలుగో రోజున గస్తీకి పంపిన మా వీధి జవాను విషయం వేరే చెప్పాలా? అమెరికా మాజీ సైనికులు పరిహారం పొందుతున్న వైకల్యాల్లో చెవిలో రొద అగ్రస్థానంలో ఉంది, వినికిడి లోపం కూడా ముందు వరుసలోనే ఉంది. తుపాకి, ఫిరంగి, మందుపాతర మన జవాన్ల చెవులను వేరేగా చూడవు కదా.

ఇక మన చట్టం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలకు తగిలిన దెబ్బ వల్ల మెదడు దెబ్బతినడం అందులో ప్రత్యేక రకంగా లేదు. వినికిడి లోపం ఉంది, కానీ రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే లెక్క. ఒక చెవి పూర్తిగా పోయి, రెండోది రొదతో పనిచేస్తుంటే ఆ కొలత ప్రకారం అతనికి వినికిడి వైకల్యమే లేదు. జ్ఞాపకం తగ్గింది, నిద్ర లేదు, కోపం ఆగడం లేదు, ఒక చెవి లేదు. ఒక్కొక్కటీ విడిగా కొలిస్తే ఏదీ గీత దాటదు, అన్నీ కలిపి ఆ మనిషిని మాత్రం ఉద్యోగం నుంచి దాటించేశాయి. అతని భార్య నాతో అన్న మాట ఇది: 'కాలు పోయుంటే కాగితం ఇచ్చీవోరు బావూ.' ఒక ఇల్లాలి నోట ఇలాంటి మాట రావడానికి కారణమైన పద్ధతిని మార్చమని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

4. సైనికుడికి కవచం, హెల్మెట్, వెంట నాలాంటి సహాయకుడు ఉంటారు. పౌరుడికి అవేవీ ఉండవు. అందుకే పేలుళ్ళలో పౌరుల ఛాతీ, పొట్ట, తల ఎక్కువగా దెబ్బతింటాయి. కూలిన గోడల కింద నలిగిన శరీరాలు, కాలిన గాయాలు వారిలోనే ఎక్కువ. జనావాసాల్లో పేలుడు ఆయుధాలు వాడినప్పుడు బాధితుల్లో దాదాపు 90 శాతం పౌరులే ఉంటున్నారని ఏళ్ళ తరబడి సేకరించిన లెక్కలు చెబుతున్నాయి. 2023లో ప్రపంచవ్యాప్తంగా మందుపాతరలు, పేలకుండా మిగిలిన గుండ్ల వల్ల మరణించిన, గాయపడినవారు 5,757 మంది అని నమోదైతే, వారిలో 84 శాతం పౌరులు. జనాభాతో పోలిస్తే అవయవాలు కోల్పోయిన పిల్లలు ప్రపంచంలోకెల్లా గాజాలోనే ఎక్కువని 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరెస్ చెప్పారు. పిల్లల విషయంలో కష్టం రెట్టింపు. కాలు తెగినా లోపలి ఎముక పెరుగుతూనే ఉంటుంది, చర్మాన్ని పొడుచుకుని వస్తుంది, మళ్ళీ మళ్ళీ కోయాలి, ఎదిగేకొద్దీ కొత్త కాలు తొడగాలి.

ఇవన్నీ ఎక్కడో జరిగేవని అనుకోకండి. 2025 మేలో నియంత్రణ రేఖకు దగ్గరగా ఉన్న పూంచ్‌లో ఫిరంగి గుండ్లకు పదిమందికి పైగా పౌరులు బలయ్యారు. ఆ రోజుల్లోనే విశాఖపట్నంలో పౌర రక్షణ విన్యాసాలు చేశారు. 2017 ఫిబ్రవరి 1న సాలూరు ఘాట్ దాటగానే వచ్చే ఒడిశాలోని సుంకి దగ్గర మందుపాతర పేలి పోలీసు సిబ్బంది చనిపోయారు. అదే రోడ్డు మీద సంతకు వెళ్ళే గిరిజనులు నడుస్తారు. 2024 జనవరిలో ఎర్రసముద్రం పక్కనున్న ఏడెన్ గల్ఫ్‌లో క్షిపణి తగిలి మండిపోయిన మార్లిన్ లువాండా అనే చమురు నౌకలో 22 మంది భారతీయ నావికులున్నారు. వారిని ఆదుకోవడానికి వెళ్ళింది మన ఐఎన్ఎస్ విశాఖపట్నం. ఓడల మీద, గల్ఫ్ దేశాల్లో, ఇరాక్‌లో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస మండలాల నుంచి ఎందరు వెళ్తున్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. వారిలో ఎవరైనా పేలుడు దగ్గర చిక్కి తిరిగివస్తే, వారికి సైనిక పింఛనూ లేదు, సైనిక ఆసుపత్రీ లేదు.

5. బతకగలిగీ చనిపోతున్నవారి సంగతి క్లుప్తంగా చెబుతాను. 2001 నుంచి 2011 వరకు యుద్ధభూమిలో మరణించిన 4,596 మంది అమెరికా సైనికుల వివరాలు పరిశీలిస్తే, 87 శాతం మంది ఆసుపత్రికి చేరకముందే పోయారు. ఆ చేరకముందే పోయినవారిలో దాదాపు నాలుగో వంతు కాపాడగలిగినవారు. ఆ కాపాడగలిగినవారిలో 90 శాతానికి పైగా రక్తస్రావం వల్ల పోయినవారు. తొడలోని పెద్ద ధమని తెగితే ఐదు నిమిషాల్లోపే ప్రాణం పోవచ్చు. ఉక్రెయిన్‌లో డ్రోన్ల భయంతో గాయపడినవారిని గంటల తరబడి తరలించలేకపోతున్నారు, రక్తం ఆపడానికి బిగించిన పట్టీ విప్పే దిక్కులేక దక్కవలసిన కాళ్ళు కూడా పోతున్నాయి. కట్టడం ఎంత ముఖ్యమో ఎప్పుడు కట్టామో రాసిపెట్టడం అంత ముఖ్యమని ఇందువల్లే చెబుతారు.

ఈ వాస్తవాల దృష్ట్యా కింది పనులు చేయవలసిందిగా కోరుతున్నాను. ఎక్కువ ఖర్చు లేనివాటినే ముందు పెట్టాను.

1. వైకల్య నిర్ధారణ శిబిరాల్లోనూ, ఔట్ పేషెంట్ విభాగాల్లోనూ మాజీ సైనికులను, కేంద్ర బలగాల జవాన్లను, వలస వెళ్ళి వచ్చినవారిని 'గాయం ఎక్కడ?' అనే ముందు 'ఎప్పుడైనా పేలుడుకు దగ్గరగా ఉన్నారా? ఎంత దూరంలో? ఆ తరువాత స్పృహ తప్పిందా?' అని అడగాలి. జవాబును కేసు షీటులో రాయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, పెన్ను చాలు. రాసి ఉంటే రేపు మెడికల్ బోర్డు ముందు ఆ కాగితం అతని తరఫున మాట్లాడుతుంది.

2. అలా చెప్పినవారికి వినికిడి పరీక్ష, అవసరమైతే మెదడు స్పందనను కొలిచే బెరా పరీక్ష, నరాల వైద్యుడి, మానసిక వైద్యుడి పరిశీలన ఒకే రోజున, ఒకే చీటీ మీద జరగాలి. ఒక చెవి మాత్రమే పోయినవారికి చట్టప్రకారం శాతం రాకపోవచ్చు. అలాంటప్పుడు 'వైకల్యం లేదు' అని ఒక్క ముక్కలో తేల్చకుండా, ఉన్న లోపాలన్నిటినీ వివరంగా రాసి ఇవ్వాలి. మెదడు గాయాన్ని, ఒక చెవి వినికిడి లోపాన్ని చట్టం గుర్తించేలా కేంద్రానికి సిఫార్సు పంపవలసింది ప్రజాప్రతినిధులు.

3. రెండు జిల్లాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి: శ్రీకాకుళంలో 2008 నుంచి, విజయనగరంలో 2023 నుంచి. నెలకొక రోజు, ఒక్కో చోట, కృత్రిమ కాళ్ళ గిన్నెలు సరిచేసే పనివాడిని, మొండి కాలికి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టండి. సైనికుడా, కూలీనా, రోడ్డు ప్రమాదంలో కాలు పోయినవాడా అని చూడకుండా అందరికీ ఆ సేవ అందాలి. 1968లో జైపూర్‌లో రూపొందిన కాలు చెప్పు లేకుండా నడవడానికి, గొంతుకూర్చోడానికి, పొలంలో దిగడానికి పనికొస్తుంది కనుకనే ఆఫ్ఘనిస్తాన్ మందుపాతర బాధితుల దాకా వెళ్ళింది. మన మడిచెక్కల్లోకి రావడానికి దానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

4. ప్రతి 108 వాహనంలో రక్తస్రావం ఆపే టూర్నికే పట్టీలు రెండు ఉండాలి, సిబ్బందికి ఏటా శిక్షణ ఉండాలి, కట్టిన సమయం రాయడం అలవాటు కావాలి. ఒడిశా సరిహద్దు పోలీస్ స్టేషన్లకు, హోంగార్డులకు, ఆర్టీసీ డ్రైవర్లకు కూడా నేర్పించాలి. అడవి పందులకు పెట్టే నాటు బాంబులు, క్వారీ మందుగుండు, బాణసంచా పేలుళ్ళు మన దగ్గర ఏటా జరిగేవే కాబట్టి ఈ శిక్షణ యుద్ధం రాకపోతే వృథా అవుతుందన్న బెంగ అక్కరలేదు. నేర్పడానికి నేను ఉచితంగా వస్తాను. నాలాంటివారు ఈ రెండు జిల్లాల్లో ఇంకా ఉన్నారు.

5. తీవ్రవాద హింసలో, సరిహద్దు కాల్పుల్లో, మందుపాతర పేలుళ్ళలో బాధితులైన పౌరులకు కేంద్ర ప్రభుత్వ సహాయ పథకం ఒకటి ఉంది. మరణించినా, 50 శాతం లేదా అంతకు మించి శాశ్వత వైకల్యం కలిగినా 5 లక్షల రూపాయలు ఇస్తారు. 2016కు ముందు అది 3 లక్షలు. మన ఒడిశా సరిహద్దు గ్రామాల్లో ఈ పథకం పేరు విన్నవారిని నేను చూడలేదు. ఎఫ్ఐఆర్ నకలు, వైకల్య ధ్రువీకరణ పత్రం, దరఖాస్తు ఎక్కడ, ఎవరికి ఇవ్వాలో తెలుగులో ఒక పేజీ అచ్చు వేయించి పంచాయతీ గోడల మీద అంటించండి.

6. ఈ లేఖకు 'పరిష్కరించబడినది' అనే సందేశం వద్దు. పై అయిదింటిలో ఏది చేస్తారు, ఏది చేయలేరు, చేసేదానికి బాధ్యుడు ఎవరు అన్నది కాగితం మీద, సంతకంతో, 30 రోజుల్లో కావాలి. చేయలేనిది చేయలేమని రాసినా నాకు సమ్మతమే.

వచ్చే సోమవారం నాలుగో అర్జీతో వస్తున్నాను. ఈసారి మా వీధి జవాను కూడా నాతో ఉంటాడు. అతనితో మాట్లాడేటప్పుడు దయచేసి కుడివైపున నిలబడి, కాస్త నెమ్మదిగా మాట్లాడండి.

ఇట్లు,
ఒక మాజీ సైనిక నర్సింగ్ అసిస్టెంటు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా.